ఎన్‌జీసీ 5813తో నా అనుభవం: దగ్గరి గెలాక్సీ గ్రూపుల్ని ఎక్స్-రేలో చదవడం

నేను ఎక్స్-రే ఖగోళశాస్త్రంలోకి వచ్చింది క్లస్టర్ల కోసం. వందలు, వేలు గెలాక్సీలు, 10 కోట్ల డిగ్రీల వాయువు, అందమైన ఫొటోలన్నీ వాటివే. మా గైడ్ మేడమ్ మాత్రం "ముందు ఒక గ్రూప్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెయ్యి, తర్వాత నీకేది కావాలంటే అది చేద్దువుగాని" అన్నారు. అలా ఎన్‌జీసీ 5813 నా చేతికొచ్చింది. కన్యారాశి వైపు, సుమారు 10 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీ అది, దాని చుట్టూ చిన్న గ్రూప్, ఆ మొత్తాన్నీ కప్పుకుని వేడి వాయువు. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడెక్కడ ఎక్కువ ఆలోచించాల్సి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఉపయోగపడుతుందని కొన్నిచోట్ల బాగా వివరంగానే రాశాను.

గ్రూప్ అంటే కొన్ని గెలాక్సీల నుంచి కొన్ని పదుల గెలాక్సీల దాకా ఒకదాన్నొకటి ఆకర్షణతో పట్టుకుని ఉన్న కూటమి. మన పాలపుంత, ఆండ్రోమెడా ఉన్నది కూడా అలాంటి దాంట్లోనే. విశ్వంలో గెలాక్సీలు ఎక్కువగా బతికేది ఇలాంటి చోట్లే, పెద్ద క్లస్టర్లు అరుదు. మధ్యతరహా గ్రూపుల్లో గెలాక్సీల మధ్య ఖాళీలో సుమారు 60 లక్షల నుంచి 2 కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉంటుంది, ఆ వేడికి అది వెలిగేది ఎక్స్-రేల్లోనే. మన వాతావరణం ఎక్స్-రేల్ని కిందికి రానివ్వదు కాబట్టి టెలిస్కోప్ అంతరిక్షంలోనే ఉండాలి. 1990లో వెళ్లిన రోసాట్ అనే ఎక్స్-రే టెలిస్కోప్‌తోనే గ్రూపుల్లో ఇలాంటి వాయువు ఉందని గట్టిగా తేలింది. 1993లో ఎన్‌జీసీ 2300 గ్రూప్ మీద, హెచ్‌సీజీ 62 అనే ఇంకో గ్రూప్ మీద వచ్చిన ఫలితాలు ఈ రంగానికి మొదలు అనుకోవచ్చు. ఆ తర్వాత 1999 జులైలో చంద్రా, అదే ఏడాది డిసెంబర్‌లో ఎక్స్ఎమ్ఎమ్-న్యూటన్ టెలిస్కోపులు వెళ్లాయి. నా పనంతా ఈ రెండింటి డేటాతోనే. చంద్రా పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారిది, ఆ పేరున్న ఫైళ్లు రోజూ తెరుస్తుంటే నాకెప్పుడూ ఒకలాంటి సంతోషమే.

డేటా దొరకడం కష్టం కాదు. అబ్జర్వేషన్ అడిగినవాళ్లకి ఇచ్చిన గడువు అయిపోయాక అది ఆర్కైవ్‌లో అందరికీ తెరుస్తారు, నంబర్ కొట్టి దించుకోవడమే. ఎన్‌జీసీ 5813ని చంద్రా 2005 నుంచి 2011 దాకా పలుమార్లు చూసింది, అంతా కలిపితే సుమారు 6.5 లక్షల సెకన్లు, అంటే ఏడున్నర రోజులు. ఒక గ్రూప్ మీద అంతసేపు చూడటం చాలా అరుదు. అందుకే మేడమ్ దీన్ని ఎంచుకున్నారు. దీని మీద మంచి పేపర్లు ముందే ఉన్నాయి, నా ఫలితాల్ని వాటి పక్కన పెట్టి చూసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం, జవాబు ఎవరికీ తెలియని గ్రూప్‌తో మొదలుపెడితే మన కోడ్ తప్పా, ప్రకృతే అలా ఉందా అని తేల్చుకోవడం చాలా కష్టం.

ఫైల్ తెరిస్తే అందులో బొమ్మ ఉండదు, పట్టిక ఉంటుంది. ఒక్కో ఫోటాన్ ఎప్పుడొచ్చింది, చిప్ మీద ఎక్కడ పడింది, ఎంత శక్తితో పడింది అని ఒక్కో వరుస. ఈ పద్ధతంటే నాకు చాలా ఇష్టం. ఒకే పట్టిక నుంచి కావాలంటే బొమ్మ చేసుకోవచ్చు, కావాలంటే ఏ శక్తిలో ఎంత వెలుగుందో చూపే స్పెక్ట్రమ్, కావాలంటే కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే లైట్ కర్వ్. మొదట చేయాల్సింది తాజా క్యాలిబ్రేషన్‌తో మొత్తం డేటాని మళ్లీ ప్రాసెస్ చేయడం. ఇది తప్పనిసరి, ఎందుకంటే చంద్రా కెమెరా ముందున్న ఫిల్టర్ మీద ఏళ్లు గడిచేకొద్దీ పలుచని మురికి పొర పేరుకుంటూ వచ్చింది, అది 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ కంటే తక్కువ శక్తి ఉన్న ఫోటాన్లని మింగేస్తుంది. గ్రూపుల వెలుగులో ఎక్కువ భాగం సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 2005 నాటి డేటాకి, 2011 నాటి డేటాకి ఒకే రెస్పాన్స్ ఫైల్ (ఏ శక్తి ఫోటాన్‌ని కెమెరా ఎలా నమోదు చేస్తుందో చెప్పేది) వాడితే ఉష్ణోగ్రత, ఆక్సిజన్ రెండూ జరిగిపోతాయి. అందుకే ఒక్కో అబ్జర్వేషన్‌కి విడిగా రెస్పాన్స్ తయారుచేసుకుని, స్పెక్ట్రమ్‌లని కలిపేయకుండా ఒకేసారి పక్కపక్కన పెట్టి ఫిట్ చేశాను. నెమ్మదిగా నడుస్తుంది గానీ నమ్మకంగా ఉంటుంది.

తర్వాత లైట్ కర్వ్ చూసి, ప్రోటాన్ల తాకిడితో లెక్క ఉన్నట్టుండి పెరిగిన సమయాల్ని తీసేయాలి. చంద్రాకి ఈ బాధ కాస్త తక్కువ, ఎక్స్ఎమ్ఎమ్‌కి చాలా ఎక్కువ, కొన్ని అబ్జర్వేషన్లలో సగం సమయం చేతిలోంచి జారిపోతుంది. ఆ తర్వాత చుక్కల్లాంటి మూలాలన్నీ వెతికి వాటి మీద ముసుగు వేయాలి. ఇక్కడ చంద్రాకి సాటి లేదు, అర ఆర్క్ సెకను స్పష్టత (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). ఎన్‌జీసీ 5813 దూరంలో ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు 500 కాంతి సంవత్సరాలు. గెలాక్సీలోని ఎక్స్-రే జంట నక్షత్రాలు, వెనకెక్కడో ఉన్న క్వేసార్లు విడివిడిగా కనిపిస్తాయి, వాటిని తీసేస్తే మిగిలింది వాయువు.

అన్ని అబ్జర్వేషన్లూ కలిపి, ఎక్స్‌పోజర్‌తో భాగించి బొమ్మ చేస్తే మొదట కనిపించింది మధ్యలో కాంతిగా ఉండి బయటికి వెళ్లేకొద్దీ పలచబడే మబ్బు. కొంచెం సన్నగా స్మూత్ చేసిన బొమ్మలోంచి బాగా వెడల్పుగా స్మూత్ చేసినదాన్ని తీసేశాక ఖాళీలు బయటపడ్డాయి. మూడు జతల బుడగలు, కేంద్రానికి అటూ ఇటూ, దాదాపు ఒకే గీత మీద. ఒక జత నడిబొడ్డులో, రెండోది సుమారు 25 వేల కాంతి సంవత్సరాల దగ్గర, మూడోది అంతకు రెండు మూడింతల దూరంలో. ప్రతి జతకీ బయట ఒక పదునైన అంచు, అది షాక్ తరంగం. మధ్యనున్న బ్లాక్ హోల్ మూడుసార్లు జెట్లు చిమ్మింది, ప్రతిసారీ వాయువుని పక్కకి తోసి బుడగలు ఊదింది. పేపర్లలో ఈ బొమ్మ నేను అంతకుముందే చూశాను. అయినా మన చేత్తో దించుకున్న పట్టికలోంచి, మనం రాసిన కమాండ్లతో అది తేలి వచ్చినప్పుడు కలిగే ఆనందం వేరు, ఆ రోజు ల్యాబ్‌లో కనిపించిన ప్రతి ఒక్కరినీ పిలిచి చూపించాను.

బొమ్మ అయ్యాక అసలు పని మొదలైంది, దాని పేరు బ్యాక్‌గ్రౌండ్. ఈ మొత్తం అనుభవంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే. దగ్గరి గ్రూప్ కాబట్టే ఇంత వివరం కనిపిస్తోంది, అదే కారణానికి దాని చుట్టూ ఖాళీ ఆకాశం దొరకదు. పేపర్‌ని ముక్కుకి ఆనించుకుంటే అక్షరం పెద్దగా కనిపిస్తుంది గానీ పేజీ అంచు కనిపించదు కదా, అలా. చంద్రాలో నేను వాడిన చిప్ వెడల్పు సుమారు 8 ఆర్క్ నిమిషాలు, ఆ దూరంలో అది రెండున్నర లక్షల కాంతి సంవత్సరాలే. గ్రూప్ వాయువు దానికి బయటా చాలా దూరం ఉంటుంది. దూరపు క్లస్టర్ అయితే చిప్ మూలలో ఒక ఖాళీ ముక్క తీసుకుని దాన్ని తీసివేస్తే సరిపోతుంది. ఇక్కడ మూలలో తీసుకున్న ముక్కలో కూడా గ్రూపే ఉంటుంది, దాన్ని తీసేస్తే మన సిగ్నల్‌ని మనమే తీసేసినట్టు.

అందుకని బ్యాక్‌గ్రౌండ్‌ని ముక్కలుగా విడదీసి ఆలోచించాలి. డిటెక్టర్‌కి నేరుగా తగిలే కణాల వల్ల వచ్చేది ఒకటి. దీనికి చంద్రా బృందం ఇచ్చే ఖాళీ ఆకాశపు ఫైళ్లు, కెమెరాని ఆకాశం నుంచి పక్కకి తప్పించి ఉంచి తీసిన ఫైళ్లు ఉంటాయి. వాటిని మన డేటాకి సరిపోయేలా హెచ్చించడానికి 9 నుంచి 12 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల మధ్య లెక్క చూస్తారు, అక్కడ చంద్రా అద్దాలు దాదాపు ఏ ఎక్స్-రేనీ పోగుచేయలేవు కాబట్టి కనిపించేదంతా కణాలదే. ఆ ఆలోచన మొదటిసారి అర్థమైనప్పుడు ఎంత తెలివైనదో అనిపించింది. రెండోది మన ముంగిట్లోదే, సూర్యుడి చుట్టుపక్కల ఉన్న వేడి బుడగ, మన పాలపుంత హేలో, ఈ రెండూ 0.1, 0.2 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఉష్ణోగ్రత దగ్గర వెలుగుతుంటాయి (ఉష్ణోగ్రతని కూడా మేం ఈ శక్తి కొలతలోనే చెబుతాం). క్లస్టర్లవాళ్లకి ఇవి పెద్దగా అడ్డురావు, 0.7 దగ్గరుండే మన గ్రూప్‌కి పక్కనే కూర్చుంటాయి. మూడోది విడదీయలేనంత దూరాన ఉన్న లక్షల బ్లాక్ హోల్‌ల కలగలుపు వెలుగు, దానికి శక్తి పెరిగేకొద్దీ నునుపుగా తగ్గే, సుమారు 1.4 వాలు ఉన్న పవర్ లా అనే సూత్రం సరిపోతుంది. ఆకాశపు భాగాన్ని పట్టుకోవడానికి గ్రూప్‌కి ఒకటి రెండు డిగ్రీల అవతల వలయంలో రోసాట్ సర్వే స్పెక్ట్రమ్ తీసుకుని, దాన్ని మన డేటాతో కలిపి ఒకేసారి ఫిట్ చేశాను. ముప్పై ఏళ్లు దాటిన సర్వే ఈ రోజుకీ ఇంత పనికొస్తోందంటే ఆ రోజుల్లో దాన్ని చేసినవాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

మధ్య భాగంలో ఈ గొడవంతా పెద్దగా తేడా చూపదు, అక్కడ గ్రూప్ వెలుగే ముంచెత్తుతుంది. బయటి వలయాల్లో మాత్రం బ్యాక్‌గ్రౌండ్ కొంచెం జరిగితే ఉష్ణోగ్రత చాలా జరుగుతుంది. అందుకే ప్రతి ఫలితాన్నీ రెండు దారుల్లో తీశాను, ఖాళీ ఆకాశపు ఫైల్‌తో ఒకసారి, మోడల్ కట్టి ఒకసారి. రెండూ కలిసినచోట మాత్రమే నంబర్ని గట్టిగా చెప్పాను.

స్పెక్ట్రమ్ దగ్గరికి వస్తే, గ్రూపుల స్పెక్ట్రమ్ చూడగానే గుర్తుపట్టొచ్చు. 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌కి కాస్త అటూ ఇటూ పెద్ద మూపురం. అది ఇనుము అయాన్ల నుంచి వచ్చే వందల గీతలు (ఒక్కో కచ్చితమైన శక్తి దగ్గర వచ్చే వెలుగు), కెమెరాలోని సీసీడీ చిప్‌కి వాటిని విడదీసే శక్తి లేక అన్నీ కలిసిపోయి అలా కనిపిస్తాయి. ఆ మూపురం శిఖరం ఎక్కడుందో అదే మనకి థర్మామీటర్. వాయువు చల్లబడితే ఇనుము ఎలక్ట్రాన్లని కొన్ని తిరిగి పట్టుకుంటుంది, శిఖరం ఎడమవైపుకి జరుగుతుంది. అందుకే వేడి క్లస్టర్‌లో కంటే గ్రూప్‌లో ఉష్ణోగ్రతని ఎంతో కచ్చితంగా కొలవొచ్చు. ఎన్‌జీసీ 5813లో చాలాచోట్ల 80 లక్షల డిగ్రీలకి, అంటే పైన చెప్పిన 0.7కి, కొంచెం అటూ ఇటూ వస్తుంది.

ఇనుము ఎంత ఉందన్నది మాత్రం అంత తేలిక కాదు. మేడమ్ నాతో కావాలనే మొదట ఒకే ఉష్ణోగ్రత మోడల్‌తో ఫిట్ చేయించారు. ఇనుము సూర్యుడిలో ఉన్నదానికంటే బాగా తక్కువ వచ్చింది. అదే స్పెక్ట్రమ్‌కి రెండు ఉష్ణోగ్రతలు ఇచ్చి మళ్లీ ఫిట్ చేస్తే విలువ ఒక్కసారిగా పైకి లేచింది, ఫిట్ కూడా బాగుపడింది. కారణం సూటిగానే ఉంది. చల్లని వాయువు, వేడి వాయువు ఒకే ముక్కలో కలిసుంటే మూపురం వెడల్పవుతుంది. ఒకే ఉష్ణోగ్రత తెలిసిన మోడల్ ఆ వెడల్పుని చూపించలేక, మూపురం ఎత్తు తగ్గించి, అంటే ఇనుము తగ్గించి, కింద ఉన్న నునుపైన వెలుగుని పెంచి సర్దుకుంటుంది. ఒకప్పుడు గ్రూపుల్లో ఇనుము మరీ తక్కువని వచ్చిన ఫలితాల వెనక ఇదొక పెద్ద కారణమని 2000 ప్రాంతంలో తేలింది. దీనికి తోడు అసలు సూర్యుడిలో ఇనుము ఎంత అన్నదానికి ఏ పట్టిక వాడామన్న ప్రశ్న ఒకటుంది. 1989 నాటి పట్టికకీ 2009 నాటి పట్టికకీ ఇనుము విలువలో దాదాపు ఒకటిన్నర రెట్లు తేడా. సాఫ్ట్‌వేర్ మనం ఏమీ చెప్పకపోతే పాతదాన్నే తీసుకోవచ్చు. ఏ పట్టికో రాయని పేపర్‌లోని ఇనుము విలువని నేను ఇప్పుడు పోలికకి వాడటం లేదు, ఎంత మంచి పేపరైనా సరే.

బొమ్మలో కనిపించేది మూడు కొలతల వాయువు రెండు కొలతల్లో పడిన నీడ కాబట్టి, బయటి వలయం నుంచి లోపలికి ఒక్కో పొర ప్రభావం తీసేస్తూ రావాలి. అది చేశాక సాంద్రత, ఉష్ణోగ్రత చేతికొస్తాయి, వాటి నుంచి పీడనం, ఎంట్రోపీ, చల్లబడే సమయం లెక్కగట్టొచ్చు. మధ్యలో చల్లబడే సమయం 100 కోట్ల సంవత్సరాల కంటే బాగా తక్కువ వచ్చింది. అంటే ఏదీ వేడి చేయకపోతే ఆ వాయువు ఎప్పుడో చల్లారి నక్షత్రాలుగా మారిపోయి ఉండాలి, అలా జరగలేదు. బుడగల పరిమాణాన్ని చుట్టూ ఉన్న పీడనంతో గుణిస్తే వాటిని ఊదడానికి బ్లాక్ హోల్ కనీసం ఎంత ఖర్చుపెట్టిందో తెలుస్తుంది, లోపల నిండింది వేగంగా తిరిగే కణాలే అయితే దానికి నాలుగింతలు. ఈ లెక్కలో పెద్ద అనుమానం బుడగ లోతు, మన చూపు దిశలో అది ఎంత పొడవుందో కనిపించదు, గుండ్రమే అనుకుని ముందుకెళ్లాలి. ఎన్‌జీసీ 5813 గొప్పతనం ఏమిటంటే బుడగలతో పాటు షాకులు కూడా కొలవగలం. వాయువు పోగొట్టుకుంటున్న వేడిని ఆ షాకులే పూడ్చగలవని ప్రచురించిన పేపర్లలో ఉంది, నా లెక్క కూడా అటే తూగింది. గ్రూపుల్లో ఆకర్షణ బలం తక్కువ కాబట్టి బ్లాక్ హోల్ విసిరే అదే దెబ్బ క్లస్టర్‌లో కంటే ఇక్కడ ఎంతో లోతుగా తగులుతుంది, వాయువుని బయటికే నెట్టేయగలదు. గెలాక్సీలు ఎలా పెరిగాయో అర్థం చేసుకోవాలంటే గ్రూపుల దగ్గరే ఎక్కువసేపు నిలబడాలని నాకు గట్టిగా అనిపించేది ఇందుకే.

బయటి ప్రాంతం కోసం ఎక్స్ఎమ్ఎమ్ డేటా తీసుకున్నాను. అర డిగ్రీ వెడల్పు చూపు, ఒక్కో టెలిస్కోప్‌లో ఒకదానిలో ఒకటి అమర్చిన 58 అద్దాలు, ఫోటాన్లు దండిగా వస్తాయి, స్పష్టత మాత్రం చంద్రాతో పోలిస్తే తక్కువ. పద్ధతి దాదాపు అదే కాబట్టి మళ్లీ చెప్పను. కెమెరాలోని అల్యూమినియం 1.49 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర, సిలికాన్ 1.74 దగ్గర సొంత గీతలు ఇస్తాయి, అవి గ్రూప్‌వి అనుకోకుండా మోడల్‌లో విడిగా పెట్టాలి. ఎక్స్ఎమ్ఎమ్‌లోని మోస్1 అనే కెమెరాలో రెండు చిప్పులు పాడై ఉన్నాయి, ఒకటి 2005లో, ఇంకొకటి 2012లో, ఏ తేదీ డేటానో చూసుకుని ముసుగు వేయాలి.

ఒక్క విషయం మీద నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. మనం ఎక్కువగా చదివేవి ఎక్స్-రేల్లో బాగా వెలిగే గ్రూపులే, ఎందుకంటే మొదట వాటిని కనిపెట్టిందే ఆ వెలుగుతో. 80 మెగాపార్సెక్‌ల (సుమారు 26 కోట్ల కాంతి సంవత్సరాల) లోపు 53 గ్రూపుల్ని గెలాక్సీల ఆధారంగా ఎంచుకుని, ఆ తర్వాత చంద్రా, ఎక్స్ఎమ్ఎమ్‌లతో, రేడియోలో జీఎంఆర్‌టీ టెలిస్కోప్‌తో చూసిన క్లాగ్స్ సర్వే నాకు అందుకే నచ్చింది. అందులో అన్నింటికీ గ్రూప్ అంతా పరుచుకున్న వేడి వాయువు కనిపించలేదు, ఇంతకుముందు పట్టించుకోని కొన్నింటిలో మాత్రం కనిపించింది. వెలగని గ్రూపుల గురించి మాట్లాడకుండా బ్లాక్ హోల్ వాయువుని ఏం చేస్తుందో పూర్తిగా చెప్పలేం.

గీతల్ని నిజంగా విడదీసి చూడాలంటే మంచి స్పెక్ట్రోమీటర్ కావాలి. 2023లో వెళ్లిన క్రిజ్మ్ అనే ఎక్స్-రే టెలిస్కోప్‌లో సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల స్పష్టత ఉన్న పరికరం ఉంది, గ్రూపులవాళ్లంతా దాని కోసం ఎదురుచూశాం. దాని ముందున్న గేట్ వాల్వ్ అనే మూత అనుకున్నట్టు తెరుచుకోలేదు, అందువల్ల 1.7 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల కంటే తక్కువ శక్తులు దాదాపు అందవు, ఇనుము మూపురం మొత్తం ఆ కిందే ఉంది. కాబట్టి ప్రస్తుతానికి ఆ శక్తుల్లో గీతల కోసం ఎక్స్ఎమ్ఎమ్ గ్రేటింగ్ (వెలుగుని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే పరికరం) స్పెక్ట్రమ్‌లే ఆధారం. ఎన్‌జీసీ 5813 మీద అవి కూడా ఉన్నాయి, 15, 17 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి ఇనుము గీతల నిష్పత్తి నుంచి వాయువు ఎంత అల్లకల్లోలంగా ఉందో అంచనా వేయొచ్చు. అది నా తర్వాతి అధ్యాయం.

దాంతో పాటే ఎన్‌జీసీ 5044 అనే ఇంకో గ్రూప్ ఫైళ్లు దించుకోవడం మొదలుపెట్టాను. అక్కడ బుడగలు ఇలా ఒక గీత మీద లేవు, చిన్నచిన్నవి అన్ని దిక్కులా చెదిరి ఉన్నాయి, బ్లాక్ హోల్ ఒకటే వైపు కాకుండా ఎందుకలా ఊదుతోందో, లేక వాయువే వాటిని అటూ ఇటూ తోస్తోందో చూడాలి. ఈసారి ముందు బ్యాక్‌గ్రౌండ్ మోడల్ పూర్తిగా కట్టుకుని, ఆ తర్వాతే మధ్య భాగం స్పెక్ట్రమ్ తెరుద్దామని మేడమ్, నేను అనుకున్నాం.